శక్తి నశించదు, మరి పొదుపు ఎందుకు?

"ఒంట్లో శక్తి లేదు."
"ఆ పిల్లవాడి జ్ఞాపకశక్తి గొప్పది."
"మా బావి దగ్గర ఐదు అశ్వశక్తుల మోటారు ఉంది."
"భూమ్యాకర్షణ శక్తి వల్ల పండు కింద పడుతుంది."
"శక్తిని పొదుపు చేయండి."
"శక్తిని సృష్టించలేము, నశింపజేయలేము."

ఈ ఆరు వాక్యాలూ మీరు ఎక్కడో ఒకచోట విన్నవో చదివినవో అయి ఉంటాయి. ఆరింటిలోనూ శక్తి అనే మాటే ఉంది. కాని అర్థం మాత్రం ఒక్కటి కాదు. మొదటి వాక్యంలో శక్తి అంటే సత్తువ. రెండో వాక్యంలో మనసుకు ఉన్న నేర్పు. మూడోదానిలో పని ఎంత వేగంగా జరుగుతుందన్న సంగతి. నాలుగోదానిలో బలం. ఇక చివరి రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్లు లేవూ? నశించనే నశించని దాన్ని పొదుపు చేయడమేమిటి?

తొమ్మిదో తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు ఎవరో ఒకరు లేచి, "మాస్టారూ, శక్తి ఎక్కడికీ పోదంటున్నారు కదా, మరి నెలనెలా కరెంటు బిల్లు దేనికి కడుతున్నాం?" అని అడుగుతారు. చాలామంది నవ్వుతారు. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. ఆ ప్రశ్న ఎవరూ అడగని తరగతిలో పాఠం ఎవరికీ అర్థం కాలేదేమోనని నాకు అనుమానం వస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే ముందు మాటల సంగతి తేల్చుకోవాలి.

మాటల గొడవ

మన పాఠ్యపుస్తకాల తెలుగులో ఒక చిన్న చిక్కు ఉంది. "పనిచేయగల సామర్థ్యమే శక్తి" అని మీరు కంఠస్థం చేస్తారు. నాలుగు పేజీలు తిప్పేసరికి "పనిచేసే రేటును సామర్థ్యం అంటారు" అని మరో నిర్వచనం ఎదురవుతుంది. మొదటి వాక్యంలోని సామర్థ్యం మామూలు వాడుక మాట. చేయగలగడం అని దాని అర్థం. రెండో వాక్యంలోని సామర్థ్యం శాస్త్రపు మాట. దాన్ని వాట్లలో కొలుస్తారు. ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పకపోతే, రెండు వాక్యాలనూ కలిపి చదువుకున్న విద్యార్థి "శక్తి అంటే పనిచేసే రేటు" అని పరీక్షలో రాస్తాడు. ఆ అబ్బాయికి మార్కులు తగ్గించడానికి నాకు చేయి రాదు.

ఒక ధాన్యం బస్తాను తీసుకుందాం. బరువు 75 కిలోలు. దాన్ని లేపాలంటే పైకి కనీసం 735 న్యూటన్ల బలం కావాలి. అది బలం. ఆ బస్తాను నేల మీది నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న లారీ మీదికి చేరిస్తే, బలాన్ని ఎత్తుతో హెచ్చించగా దాదాపు 1,100 జౌళ్లు వస్తుంది. అది పని. ఆ పని జరగాలంటే ఎక్కడో ఒకచోట నుంచి అంత శక్తి ఖర్చు కావాలి. అందుకే పనికీ శక్తికీ కొలత ఒకటే, జౌలు. ఇప్పుడు ఒక హమాలీ దాన్ని రెండు సెకన్లలో ఎత్తాడనీ, మరొకరు నాలుగు సెకన్లు తీసుకున్నారనీ అనుకోండి. ఇద్దరూ చేసిన పని సమానమే. కాని మొదటివాడి సామర్థ్యం 550 వాట్లు, రెండోవాడిది అందులో సగం.

పొలంలో మోటారు మీద రాసి ఉండేది కూడా ఈ సామర్థ్యమే. ఒక అశ్వ సామర్థ్యం అంటే 746 వాట్లు. ఆవిరి యంత్రాన్ని గొప్పగా మెరుగుపరిచిన జేమ్స్ వాట్, తన యంత్రం ఎన్ని గుర్రాలకు సాటి వస్తుందో కొనేవాళ్లకు చెప్పడానికి ఈ లెక్క కట్టాడు. మనవాళ్లు దాన్ని అశ్వశక్తి అన్నారు. నిజానికి ఆ అంకెలో శక్తి లేదు. ఐదు అశ్వశక్తుల మోటారు స్విచ్ వేయకుండా ఏడాదంతా షెడ్డులో పడి ఉంటే ఒక్క జౌలు కూడా ఖర్చు కాదు. అది ఎంతసేపు తిరిగిందో తెలిస్తేనే శక్తి లెక్క తేలుతుంది. పత్రికల్లో కూడా "ఈ రోజు ఇన్ని మెగావాట్ల విద్యుత్తు వాడాం" అని రాస్తూ ఉంటారు. అది, "హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య దూరం గంటకు 60 కిలోమీటర్లు" అన్నట్లు ఉంటుంది.

భూమ్యాకర్షణ శక్తి అన్న మాట కూడా ఇలాంటిదే. భూమి పండును లాగేది బలంతో. కొండ మీద ఒక బండరాయి వెయ్యేళ్లుగా కదలకుండా కూర్చుని ఉందనుకోండి. భూమి దాన్ని వెయ్యేళ్లుగా లాగుతూనే ఉంది. కాని అందుకు ఒక్క జౌలు కూడా ఖర్చు కాలేదు. రాయి కదలలేదు కాబట్టి పని జరగలేదు. భూమి అలసిపోదు.

మరి హమాలీ ఎందుకు అలసిపోతాడు? బస్తా నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడినవాడు చేసిన పని సున్నా అని పుస్తకం చెబుతుంది. అతనితో ఈ మాట అని చూడండి, బస్తా మీ మీద పడేస్తాడు! పుస్తకమూ తప్పు కాదు, అతనూ తప్పు కాదు. బస్తా వైపు నుంచి చూస్తే దానికి ఏ శక్తీ చేరలేదు. అదే బస్తాను బల్ల మీద పెడితే బల్ల ఏమీ తినకుండా ఎన్నాళ్లయినా మోస్తుంది. కాని కండరం బల్ల లాంటిది కాదు. బిగువుగా ఉండాలంటే దానిలోని సన్నని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటూ, వదులుతూ, మళ్లీ పట్టుకుంటూ ఉండాలి. ప్రతి పట్టుకూ ఏటీపీ అనే రసాయనం కొంచెం ఖర్చవుతుంది. ఆ శక్తి బస్తాలోకి పోలేదు, అతని ఒంట్లోనే వేడిగా మారింది. అందుకే చెమట.

ఈ తికమక తెలుగువాళ్లకే పరిమితం అనుకోకండి. శక్తి నిత్యత్వ సూత్రాన్ని గట్టి పునాది మీద నిలబెట్టిన వ్యాసాల్లో ఒకటి జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1847లో వెలువరించినది. దాని పేరులో ఆయన వాడిన జర్మన్ మాటకు బలం అని అర్థం! అంటే అంతటివాడు కూడా ఆనాటికి బలానికీ శక్తికీ ఒకే మాట వాడుతున్నాడు. ఇంగ్లీషులో థామస్ యంగ్ 1807లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో ఎనర్జీ అనే మాటను ఈ శాస్త్రార్థంలో వాడాడు గాని, అది అందరి నోటా నలగడానికి సుమారు యాభై ఏళ్లు పట్టింది. స్థితిజశక్తి అని మనం అనువదించుకున్న పేరును రాంకిన్ పెట్టింది 1853లో.

అంతకు చాలా ముందు, 1686లో, లైబ్నిట్జ్ ఒక వాదం లేవదీశాడు. కదిలే వస్తువులోని సత్తాను ద్రవ్యరాశి, వేగాల లబ్ధంతో కొలవాలా? ద్రవ్యరాశిని వేగపు వర్గంతో హెచ్చించి కొలవాలా? వేగపు వర్గమే సరి అని ఆయన పట్టు. ఈ తగాదా కొన్ని దశాబ్దాలు సాగింది. హాలెండుకు చెందిన గ్రావెసాండె ఇత్తడి గుండ్లను మెత్తని బంకమన్ను మీద పడేసి చూశాడు. రెట్టింపు వేగంతో పడిన గుండు రెట్టింపు లోతుకు కాదు, నాలుగు రెట్ల లోతుకు దిగింది. ఆ ఫలితాల ప్రాముఖ్యం గుర్తించి 1740లో తన భౌతికశాస్త్ర గ్రంథంలో లైబ్నిట్జ్ పక్షాన వాదించినది ఎమిలీ దు షాత్లే అనే ఫ్రెంచి మహిళ. న్యూటన్ మహాగ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చినదీ ఆమే.

ఆ బంకమన్ను పాఠం మీకు రోజూ రోడ్డు మీద పనికి వస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు బ్రేకు వేశాక ఎంత దూరం జారి ఆగుతుందో, 60 కిలోమీటర్ల వేగంతో పోయేది అలాంటి బ్రేకుకే దానికి నాలుగు రెట్ల దూరం పోయి ఆగుతుంది. రెండు రెట్లే కదా అనుకుని రోడ్డు దాటకండి.

కవ్వంతో తేలిన లెక్క

కదలిక, ఎత్తు వీటి సంగతి సరే. వేడి ఏమిటి? వేడి అనేది వస్తువుల్లో ఉండే ఒక రకం ద్రవమని చాలాకాలం అనుకున్నారు. అది కాదని తేల్చినవారిలో ఒకరు వైద్యుడు, మరొకరు బీరు తయారీశాల యజమాని కొడుకు.

వైద్యుడి పేరు రాబర్ట్ మేయర్. 1840లో ఓడ మీద జావా ద్వీపానికి వెళ్లాడు. ఆ రోజుల్లో జబ్బుకు వైద్యం అంటే నరం కోసి రక్తం తీయడం. అక్కడ నావికుల సిరల్లోంచి తీసిన రక్తం తను ఊహించిన దానికన్నా ఎర్రగా ఉండడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. వేడి దేశంలో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి తక్కువ ఆహారం మండితే చాలు, అందుకే రక్తంలో ఆక్సిజన్ మిగిలిపోతోంది అని ఊహించాడు. అక్కడి నుంచి ఆలోచన సాగి, తిన్న తిండి, పుట్టిన వేడి, చేసిన పని ఒకే పద్దు కింద రావాలన్న చోటికి వచ్చింది. 1842లో ఆ మాట అచ్చువేశాడు.

రెండోవాడు ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర పుట్టిన జేమ్స్ జౌల్. ఆయన చేసిన పరికరం చూస్తే మీకు నవ్వొస్తుంది. అది మన కవ్వమే! నీళ్లున్న పాత్రలో రెక్కల చక్రం, దానికి తాడు, తాడు చివర బరువు. బరువు కిందికి దిగుతూ ఉంటే చక్రం తిరిగి నీళ్లను చిలుకుతుంది. చిలికితే నీళ్లు వెచ్చబడతాయి. ఎంత బరువు ఎంత ఎత్తు నుంచి దిగితే నీళ్లు ఎంత వెచ్చబడ్డాయో ఏళ్ల తరబడి కొలిచాడు. మన కొలతల్లో చెప్పాలంటే, 427 కిలోల బరువు ఒక మీటరు దిగితే కిలో నీళ్లు ఒక్క డిగ్రీ సెల్సియస్ వెచ్చబడతాయి. ఎంత బరువు, ఎంత కొంచెం వేడి! మీ అమ్మగారు నాలుగు లీటర్ల పెరుగును సెకనుకు 30 జౌళ్ల చొప్పున పది నిమిషాలు ఆపకుండా చిలికారనుకుందాం. ఆ పనంతా వేడిగా మారినా మజ్జిగ వెచ్చబడేది సుమారు ఒక డిగ్రీ. చేత్తో ముట్టుకుంటే తెలియదు. అందుకే ఇన్ని వేల ఏళ్లుగా మజ్జిగ చిలుకుతున్నా ఈ సంగతి ఎవరి కంటా పడలేదు. జౌల్ దగ్గర డిగ్రీలో చిన్న భాగాన్ని కూడా చూపగల మంచి ఉష్ణమాపకాలు ఉన్నాయి. అవి లేకపోతే ఆయనా మజ్జిగ తాగి ఊరుకునేవాడేమో.

దీనితో ఒక గొప్ప వెసులుబాటు దొరికింది. ఎత్తులో ఉన్న నీరు, తిరిగే చక్రం, మండే కట్టె, తిన్న అన్నం, తీగలో కరెంటు, వీటన్నిటినీ ఒకే కొలతలోకి మార్చి పక్కపక్కన పెట్టి చూడవచ్చు. చూద్దాం.

ఒక చిన్న గ్లూకోజు బిస్కట్టులో సుమారు 20 కిలో కేలరీలు ఉంటాయి. అంటే దాదాపు 84,000 జౌళ్లు. మీ బరువు 50 కిలోలనుకుంటే, మూడు మీటర్ల ఎత్తున్న మేడ ఎక్కడానికి 1,470 జౌళ్ల పని చేస్తారు. కండరాలు ఖర్చుపెట్టిన శక్తిలో మహా అయితే నాలుగో వంతే పనిగా మారుతుంది. ఆ లెక్కన కూడా ఒక్క బిస్కట్టు తిని పద్నాలుగు సార్లు మేడ ఎక్కవచ్చు. మెట్లెక్కి ఒళ్లు తగ్గించుకుందామనుకునే పెద్దలకు ఈ లెక్క చూపించకండి, బెంగ పెట్టుకుంటారు.

సెల్‌ఫోను బ్యాటరీ మీద 5000 మిల్లీ ఆంపియర్ అవర్ అని రాసి ఉంటుంది. అది కూడా శక్తి కాదు సుమా, విద్యుదావేశం. వోల్టులతో హెచ్చిస్తేనే శక్తి వస్తుంది. బ్యాటరీ వోల్టేజి 3.85 అనుకుంటే సుమారు 69,000 జౌళ్లు. రోజంతా మాట్లాడి, బొమ్మలు చూపి, పాటలు పాడే ఫోను తిండి ఒక్క బిస్కట్టు కన్నా తక్కువ!

ఇక ఒక యూనిట్టు కరెంటు. వెయ్యి వాట్ల పరికరం గంట సేపు వాడితే ఖర్చయ్యేది ఒక యూనిట్టు, అంటే 36 లక్షల జౌళ్లు. ఇందాకటి ధాన్యం బస్తాలను గుర్తు తెచ్చుకోండి. ఒక యూనిట్టులోని శక్తి అంతా బరువులెత్తడానికే వాడగలిగితే 3,200కు పైగా బస్తాలు లారీ మీదికి ఎక్కుతాయి. ఎంతమంది మనుషుల నడుము విరిగే పని అది! ఆ యూనిట్టును నీళ్లు కాచే గీజరు అరగంటలో తినేస్తుంది.

ఎన్ని జౌళ్లు?

ఇలా లెక్క కుదరడం వల్ల మరో లాభం ఉంది. ఎవరైనా శక్తి పేరు చెప్పి ఏదైనా అమ్మడానికి వస్తే, "ఎన్ని జౌళ్లు? ఎక్కడి నుంచి వచ్చాయి? ఎక్కడికి పోతాయి?" అని అడగవచ్చు. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో ఒకాయన చేతికి తొడిగే కంకణాలు తెచ్చాడు. వాటిలోంచి పాజిటివ్ ఎనర్జీ వచ్చి కీళ్ల నొప్పులు పోతాయన్నాడు. మా బడి పిల్లలు ఇద్దరు వెళ్లి ఈ మూడు ప్రశ్నలూ అడిగారు. ఆయన చాలాసేపు మాట్లాడాడు గాని ఒక్క అంకె కూడా చెప్పలేదట. అయినా చాలామంది కొన్నారు. కొన్నవాళ్లను ఏమంటాం? శాస్త్రానికి ఉన్న గౌరవాన్ని ఆయన ఒక మాట చాటున అరువు తెచ్చుకున్నాడు.

నీళ్లతో నడిచే కారు కనిపెట్టారన్న వార్త కూడా అప్పుడప్పుడు వస్తుంది. నీరంటే ఏమిటి? హైడ్రోజన్ మండి మిగిలినది. పొయ్యిలో బూడిద ఎలాంటిదో హైడ్రోజన్‌కు నీరు అలాంటిది. బూడిదతో పొయ్యి వెలుగుతుందా? నీటిని మళ్లీ విడగొట్టాలంటే మండినప్పుడు వచ్చినంత శక్తీ తిరిగి పెట్టాలి. తనంతట తానే తిరిగే చక్రం కోసం మనిషి ఆశ చాలా పాతది. మన భాస్కరాచార్యుడు కూడా 1150 ప్రాంతంలో, బోలు ఆకుల్లో పాదరసం నింపితే తనంతట తిరిగే చక్రం గురించి రాశాడు. ఆయన గణితం గొప్పది. ఆ చక్రం మాత్రం తిరగదు.

అలాగని వాడుక మాటను వెక్కిరించకూడదు. జ్వరం తగ్గిన మరునాడు మీ నాయనమ్మ "ఒంట్లో శక్తి లేదురా" అంటే, "కాదు నాయనమ్మా, నీ కొవ్వులో ఇంకా లక్షల జౌళ్లు ఉన్నాయి" అని పాఠం చెప్పబోకండి. జ్వరంలో శరీరపు వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఒళ్లు మామూలు కన్నా సుమారు పదో వంతు ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. అంటే, జౌళ్ల భాషలో, నీరసంగా మంచం మీద పడి ఉన్నప్పుడే ఆమె ఒళ్లు ఎక్కువ శక్తిని వాడింది. నాయనమ్మ చెప్పేది వేరే సంగతి. కండరాలూ మనసూ లేచి పనిచేసే స్థితిలో లేవని. అది నిజం, వైద్యుడు వినవలసిన నిజం. శక్తి అనే మాట శాస్త్రం పుట్టకముందే మన భాషలో ఉంది. అమ్మవారికి ఆ పేరు ఉంది. శాస్త్రమే దాన్ని అరువు తెచ్చుకుని ఒక్క అర్థానికి కట్టేసింది. ఏ మాట ఏ ఇంట్లో ఉందో చూసుకుంటే చాలు. ఎనర్జీ డ్రింకు డబ్బా మాత్రం రెండిళ్ల మధ్యా తిరుగుతుంది. దానిలోని చక్కెర నిజంగానే జౌళ్లిస్తుంది. కాని తాగినవాడికి హుషారు తెప్పించేది చాలావరకు కెఫీన్. అది దాదాపు ఏ శక్తీ ఇవ్వదు, అలసట కబురు మెదడుకు చేరకుండా అడ్డుపడుతుంది.

లెక్క తప్పినప్పుడు

ఈ పద్దు ఎప్పుడూ తప్పలేదా? ఒకసారి తప్పినట్టే కనిపించింది. కొన్ని అణుకేంద్రకాలు ఎలక్ట్రాన్లను విసిరేసి వేరే కేంద్రకాలుగా మారతాయి. దాన్ని బీటా క్షయం అంటారు. అక్కడ ముందున్న శక్తినీ తరువాత మిగిలిన శక్తినీ కొలిచి చూస్తే కొంత కనబడకుండా పోతోంది. నీల్స్ బోర్ అంతటి మహానుభావుడు, పరమాణువు లోపల ఈ సూత్రం వర్తించకపోవచ్చునేమో అనడానికి కూడా సిద్ధపడ్డాడు. వుల్ఫ్‌గాంగ్ పౌలి ఒప్పుకోలేదు. ఆవేశం లేని, ఎవరికీ చిక్కని ఒక కణం ఆ శక్తిని మోసుకుపోతున్నదని 1930లో సూచించాడు. ఎవరూ చూడని దొంగ మీద నేరం మోపడమే కదా ఇది! ఆ దొంగ 1956లో దొరికాడు. అమెరికాలో ఒక అణు రియాక్టరు పక్కన రీన్స్, కోవన్ అనే ఇద్దరు న్యూట్రినోను పట్టుకున్నారు. 1965లో మన కోలార్ బంగారు గనుల లోతుల్లో కూడా, కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ కనిపెట్టారు. పద్దు తప్పలేదు, పద్దులో ఒక పేరు రాయడం మరిచిపోయారంతే.

బావిలో ఉప్పు

ఇప్పుడు కరెంటు బిల్లు సంగతికి వద్దాం. పద్దు అంత గట్టిదైతే మనం డబ్బు కడుతున్నది దేనికి?

గుప్పెడు ఉప్పు తీసుకుని బావిలో వేయండి. ఉప్పు నశించిందా? లేదు, ప్రతి రేణువూ బావిలోనే ఉంది. కాని సాయంత్రం పులుసులోకి ఉప్పు కావాలంటే బావి దగ్గరికి పోతారా? కొట్టుకే పోతారు. శక్తి సంగతీ అంతే. ఒక యూనిట్టు కరెంటుతో మోటారు తిప్పవచ్చు, దీపం వెలిగించవచ్చు, రైలు నడపవచ్చు. అదే యూనిట్టుతో 86 లీటర్ల నీళ్లను పది డిగ్రీలు వెచ్చ చేశారనుకోండి. 36 లక్షల జౌళ్లూ ఆ గోరువెచ్చని నీళ్లలోనే ఉన్నాయి. కాని ఆ నీళ్లతో మళ్లీ రైలు నడపగలరా? వాటిలోంచి పనిగా రాబట్టగలిగేది చాలా స్వల్పం. కాసేపటికి ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అప్పుడిక అదీ లేదు.

వేడి నుంచి పని రావాలంటే పక్కన ఒక చల్లని చోటు ఉండాలనీ, రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ పని రాబట్టవచ్చుననీ సాడీ కార్నో అనే ఫ్రెంచి యువకుడు 1824లోనే చెప్పాడు. బంగాళాఖాతంలో ఎంత వేడి ఉందో ఊహించండి. అయినా ఆ నీటి వేడి ఒక్కదానితో ఒక్క పడవా నడవదు. తేడా లేదు కాబట్టి. ఇలా శక్తి చెదిరిపోయిన తీరును కొలవడానికి క్లాసియస్ 1865లో ఎంట్రోపీ అనే పేరు పెట్టాడు. దాని సంగతి ఇంకోసారి.

సింగరేణి బొగ్గును రామగుండం వంటి చోట మండించి కరెంటు తీస్తారు. బొగ్గులోని శక్తిలో స్థూలంగా మూడో వంతే కరెంటు అవుతుంది. కొత్త రకం కేంద్రాల్లో ఇంకొంచెం ఎక్కువ. మిగిలినదంతా పొగగొట్టం నుంచీ, చల్లార్చే నీటి నుంచీ వేడిగా బయటికి పోతుంది. మీ ఇంట్లో ఒక యూనిట్టు ఖర్చయితే అక్కడ అర కిలోకు పైగా బొగ్గు మండి ఉంటుంది. నాగార్జునసాగర్ దగ్గర ఇంకో తమాషా ఉంది. అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యంత్రాల్లో ఏడింటిని రెండు వైపులా తిప్పే వీలుంది. కరెంటు కొరత ఉన్న వేళ నీరు కిందికి దిగుతూ వాటిని తిప్పుతుంది. మిగులు ఉన్న వేళ అవే మోటార్లయి నీటిని తిరిగి జలాశయంలోకి తోడగలవు. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో ఉన్న ఆరింటినీ అలాగే కట్టారు. ఇలాంటి చోట నీటిని పైకి తోడడానికి నాలుగు యూనిట్లు పెడితే, అది కిందికి దిగేటప్పుడు తిరిగి వచ్చేది సుమారు మూడు. నాలుగో యూనిట్టు నశించలేదు. యంత్రాలూ నీళ్లూ రవ్వంత వెచ్చబడ్డాయి.

కాబట్టి బిల్లులో మనం కట్టేది శక్తిని తయారు చేసినందుకు కాదు. వాడుకోవడానికి వీలుగా ఒకచోట కూడి ఉన్న శక్తిని తెచ్చి ఇచ్చినందుకు. మనం దాన్ని వాడుకుని, అన్ని జౌళ్లనూ చెదరగొట్టి వదిలేస్తాం. ఫ్యాను తిప్పిన గాలి కాసేపటికి ఆగిపోతుంది, దాని కదలికంతా వేడి అవుతుంది. తలుపులు మూసిన గదిలో ఫ్యాను వేస్తే గది చల్లబడదు, కొంచెం వేడెక్కుతుంది. చల్లగా అనిపించేది మీ చెమట ఆరడం వల్ల. పాతకాలపు తీగ బల్బు తీసుకున్న నూరు జౌళ్లలో వెలుగుగా ఇచ్చేది ఐదో ఆరో. ఇప్పటి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అలాంటి 60 వాట్ల బల్బుకు సరిపడా వెలుగు ఇస్తుంది. శక్తి పొదుపు అనే మాటకు ఇదే అర్థం. అదే వెలుగు కోసం తక్కువ బొగ్గును చెదరగొట్టడం.

మరి ఇన్ని కోట్ల ఏళ్లుగా అంతా చెదిరిపోతూ ఉంటే భూమి మీద కొత్తగా పని జరిగేదెలా? సూర్యుడు శక్తిని ఇస్తున్నాడు కదా అంటారు మీరు. నిజమే. కాని భూమి సూర్యుడి నుంచి ఎంత శక్తి తీసుకుంటుందో, దాదాపు అంతా పరారుణ కిరణాలుగా తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. బొగ్గుపులుసు వాయువు పెరగడం వల్ల ఆ దాదాపులో వచ్చిన చిన్న తేడాయే ఇప్పుడు భూమిని వేడెక్కిస్తున్నది. ఆ తేడా పక్కన పెడితే భూమికి జౌళ్లలో మిగిలేది ఏమీ లేదు. తేడా అంతా వచ్చేదానికీ పోయేదానికీ మధ్య ఉంది. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే ఒక్కొక్క కాంతి కణంలో శక్తి కూడి ఉంటుంది. చల్లని భూమి పంపే కణంలో శక్తి కొంచెమే ఉంటుంది. సూర్యుడి నుంచి అలాంటి కణం ఒకటి వస్తే, భూమి సుమారు ఇరవై చిన్న కణాలను తిరిగి పంపుతుంది. ఆ ఒకటి ఇరవైగా చెదిరే లోపలే ఆకు పిండిపదార్థం చేసుకుంటుంది, సముద్రం ఆవిరై మేఘమవుతుంది, మేఘం కురిసి కృష్ణలోకి చేరుతుంది, ఆ నీరు సాగర్‌లో నిండుతుంది.